మామయ్య పేరు, సైజు ఏడు

బాలిగె,
12 మార్చి 2001

మేనల్లుడు మొనాంగ్‌కి, హొరాస్.

ఇక్కడ అందరం క్షేమం. సరస్సులో నీళ్లు తగ్గాయి, చేపల ధర పెరిగింది, నా మోకాళ్లు పని మానేసి చాన్నాళ్లయింది. మీ అత్తయ్య నిన్ను అడిగినట్టు రాయమంది. రాశాను. ఇక అసలు సంగతి.

బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడుపుతోందే, రుగున్ వాళ్లమ్మ, ఆవిడ మొన్న ఆదివారం చర్చి వదిలాక నా చేతిలో ఒక కాగితం పెట్టింది. "మాస్టారూ, మీ మేనల్లుడు కంప్యూటర్లో సొంత పేజీ పెట్టాడు. ప్రపంచమంతా చూస్తుందంట. మీకోసం అచ్చు తీసి తెచ్చా" అంది. నలుగురూ మూగారు. నేను బడిపంతుల్ని కదా, పైకే చదివాను. మనసులో చదువుకోవాల్సింది.

పైన 'మొనాంగ్ పంగ్గబెయన్ ఇల్లు' అని ఉంది. కింద నల్లకళ్లద్దాలతో నీ ఫొటో. బాండుంగ్‌లో ఏడాదిలో సగం రోజులు వానే అని నువ్వే రాశావు, ఆ అద్దాలు దేనికో తెలియలేదు. ఆ కింద 'నా కుటుంబం'. మీ నాన్న, సరే. పోయిన మీ అమ్మ, నా చెల్లెలు, సరే. మీ అక్క. మీ బావ జోంగి. జోంగి తమ్ముళ్లిద్దరు. జోంగి కుక్క, ఫొటోతో సహా. ఆ తర్వాత కాగితం అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, 'వాల్డెమార్ తాంపుబొలొన్, మామయ్య'.

ఒరేయ్, మన విందుల్లో పందిని కోసి, గిన్నెలు మోసి, అందరికీ వడ్డించి ఆఖర్న తినాల్సినవాడు అక్కమొగుడు. పెళ్లిపీట దగ్గర నిలబడి భుజాల మీద ఉలోస్ వస్త్రం కప్పి దీవించాల్సినవాడు మేనమామ. నీ ఆరో ఏట చెవి మెలిపెట్టి మరీ నేర్పాను. అది మరో చెవిలోంచి బయటికి పోయినట్టుంది.

సెప్టెంబరులో నీ పెళ్లి. మన వంశాల్లో పుట్టని, వెనింగ్ అనే ఆ జావా పిల్లకు నా ఇంటిపేరు ఇచ్చి, కూతురిగా చేసుకుని, నీకు ఇచ్చి చేయమని జనవరిలో ఉత్తరం రాశావు. ఉత్తరం రాశావు, వచ్చి అడగలేదు. దాని గురించి ఆలోచిస్తూ ఉండగానే ఈ కాగితం వచ్చింది. కుక్క కింద ఉన్నవాడి ఇంటిపేరు ఆ పిల్లకు ఎందుకు చెప్పు?

ఫోన్ చేయకు. ఫోన్లో తిట్టేది గాల్లో కలిసిపోతుంది. కాగితం మీద తిడితే పదికాలాలు ఉంటుంది.

కుక్క కింది మామయ్య,
వాల్డెమార్


బాండుంగ్,
24 మార్చి 2001

పూజ్యులు మామయ్యకి, హొరాస్.

మీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి నిలబడి చదివాను.

మామయ్యా, తెర మీద మీరు అడుగున లేరు. ఒట్టు. పేజీని రెండు గదులు చేశాను. ఎడమ గదిలో మావాళ్లంతా ఇరుక్కుని ఉన్నారు. కుడివైపు పైన మీకొక్కరికే గది. రుగున్ వాళ్లమ్మ కాగితం వెడల్పు చాలక మీ గది జారి వాళ్ల గది కింద పడింది. గది చిన్నది కాబట్టి అక్షరాలు చిన్నవి పెట్టాను. అంతకు మించి అందులో ఏ ఉద్దేశమూ లేదు. సాయంత్రం క్లాసుల్లో నేర్చుకుని మూడు వారాలైంది. మిల్లులో బట్టల మీద పూలు గీయడం వచ్చు గానీ పేజీలో మనుషుల్ని కూర్చోబెట్టడం ఇప్పుడిప్పుడే వస్తోంది.

మొత్తం మార్చేశాను. గదులు లేవు. అందరికన్నా పైన మీరే, ముదురు నీలం మీద బంగారు రంగు అక్షరాల్లో. కుక్కని తీసేశాను. దాని పేరు బోబి. అక్క నాతో మాట్లాడటం లేదు.

వచ్చి అడగలేదన్నారు. నిజమే. మిల్లులో ఏడాదికి పన్నెండు రోజులే సెలవు, అవి పెళ్లికి దాచుకున్నాను. మీరు అర్థం చేసుకుంటారనుకున్నాను. వెనింగ్ ప్రతి వారం "మామయ్యగారు ఏమన్నారు" అని అడుగుతోంది. "ఆలోచిస్తున్నారు" అంటున్నాను. మీరు ఇంటిపేరు ఇవ్వకపోతే నాన్న తరఫు పెద్దలు ఈ పెళ్లిని పెళ్లిగా లెక్కపెట్టరు. రేపు మా ఇంట్లో పదిమంది కూర్చున్నచోట ఆ పిల్లకు కూర్చునే స్థానమే ఉండదు. ఈ మాట మీకు నేను చెప్పాలా?

అత్తయ్యకి నమస్కారాలు.

మీ మేనల్లుడు,
మొనాంగ్


బాలిగె,
9 ఏప్రిల్ 2001

మొనాంగ్‌కి, హొరాస్.

రెండో కాగితం అందింది. చాలా బాగుంది. నేను లేను.

కాగితం మీద అందరికన్నా పైన నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. ఆ ఖాళీ కింద నల్లటి అక్షరాల్లో 'మా మామయ్య, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు' అని ఉంది. ఎవరా మామయ్య అంటే జవాబు లేదు. మీ అత్తయ్య కిటికీ దగ్గర ఎండకు పెట్టి చూసి, ఏదో గీసినట్టుందండీ అంది. మరి బంగారం ఎక్కడ పోయింది? నీలం ఎక్కడ పోయింది? జోంగి మాత్రం నిక్షేపంగా ఉన్నాడు.

కాగితం కల్లు దుకాణానికి తీసుకెళ్లాను. తీసుకెళ్లకపోయినా వచ్చేదే, రుగున్ వాళ్లమ్మ ఇంకో ప్రతి తీసి అక్కడ గోడకు అంటించింది. చదరంగం ఆపి మరీ అందరూ తీర్పు చెప్పారు. "మాస్టారూ, ఇది చావు కబురు వేసే కాగితంలా ఉంది. పేరొక్కటి రాసుకుంటే సరిపోతుంది" అన్నాడు గుత్తేదారు కస్మీర్. వాడికి మూడేళ్లు లెక్కలు చెప్పాను. రాలేదు. ఎగతాళి మాత్రం బానే వచ్చింది.

మొదట కుక్క కింద పెట్టావు. నేను అరిచాను. కుక్కనీ తీశావు, నన్నూ తీశావు. ఇంత సమానంగా న్యాయం చేసేవాడివి నువ్వు జడ్జీవి కావాల్సింది.

సెలవుల లెక్క చదివాను. పన్నెండు రోజుల్లో మేనమామ గడపకు ఒక్కరోజు కూడా రాలేదన్నమాట.

ఖాళీ మామయ్య


బాండుంగ్,
20 ఏప్రిల్ 2001

మామయ్యకి, హొరాస్.

తప్పు నాదే, కానీ సగమే నాది. అచ్చు వేసేటప్పుడు వెనక రంగు కాగితం మీదికి రాదట. రుగున్ వాళ్లమ్మ దగ్గర నల్లసిరా యంత్రం ఒక్కటే ఉంది. తెల్ల కాగితం మీద పసుపు అక్షరాలు, అదీ నల్లసిరాతో. ఏం కనిపిస్తుంది? ఇక్కడ తెర మీద మాత్రం మీ పేరు నగల కొట్టు బోర్డులా మెరిసిపోతోంది. మా క్లాసులో అందరూ మెచ్చుకున్నారు.

బంగారం తీసేశాను. నలుపు పెట్టాను. అక్షరాలకు ఒకటి నుంచి ఏడు దాకా సైజులుంటాయి. మీది ఇప్పుడు ఏడు. లావు అక్షరం కూడా. అంతటితో ఆగలేదు మామయ్యా, మీ పేరు నడుస్తుంది. కుడి నుంచి ఎడమకు, ఊరేగింపులా, ఆగకుండా. మా మాస్టారు నిన్ననే నేర్పారు, మొట్టమొదట మీకే పెట్టాను.

పేజీ ఇంకా పూర్తి కాలేదని తెలిసేలా కింద ఒక బొమ్మ పెట్టాను. ఎంతమంది చూశారో లెక్కపెట్టే అంకె కూడా ఉంది.

ఇప్పుడైనా వెనింగ్ సంగతి ఒక్క మాట రాయండి.

మొనాంగ్


బాలిగె,
7 మే 2001

మొనాంగ్‌కి.

మూడో కాగితం ముందు పెట్టుకుని రాస్తున్నాను.

పైన ఇటుకంత అక్షరాల్లో 'మార్ తాంపుబొ' అని ఉంది. అంతే. ఊరేగింపు మధ్యలో రుగున్ వాళ్లమ్మ పట్టుకున్నట్టుంది. తల ఎడమవైపు గోడలోకి పోయింది, కాళ్లు ఇంకా కుడివైపు నుంచి రాలేదు. ఇప్పుడు కల్లు దుకాణంలో నన్ను "మార్ తాంపుబొ గారూ" అని పిలుస్తున్నారు. కస్మీర్ మొదలుపెట్టాడు. నిన్న పాస్టరు కూడా నోరు జారాడు.

పోనీ అది వదిలెయ్యి. నా పేరు కింద ఒక మనిషి బొమ్మ ఉంది. పార పట్టుకుని గొయ్యి తవ్వుతున్నాడు. ఎవరికిరా? మీ అత్తయ్య ఆ బొమ్మ చూసి అన్నం మానేసి పడుకుంది. ఆ గొయ్యి పక్కన 000019 అని అంకె. అది నా వరస నంబరా, లేక నాకు మిగిలిన రోజులా?

ఇంకోటి. నా పేరుతో పాటు జోంగి కూడా లావెక్కాడు. వాడి తమ్ముళ్లూ లావెక్కారు. నా తర్వాత ఉన్నవాళ్లంతా లావే. నన్ను పెద్దచేసి నా వెనక అందర్నీ పెద్దచేస్తే, నన్ను పెద్దచేసినట్టా?

వెనింగ్ సంగతి ఒక్క మాట రాయమన్నావు. ఒక్క మాటే రాస్తున్నాను. ఆలోచిస్తున్నాను.

గొయ్యి పక్కన మామయ్య


బాండుంగ్,
16 మే 2001

మామయ్యకి.

ఆ మనిషి గొయ్యి తవ్వడం లేదు. రోడ్డు వేస్తున్నాడు. ప్రపంచంలో సగం పేజీల మీద వాడే ఉన్నాడు, ఎవరూ చావలేదు.

ఇప్పుడు కోపంగా రాస్తున్నాను, క్షమించండి, క్షమించకపోయినా సరే. మార్చి నుంచి మీ పేరు కిందినుంచి పైకి, చిన్న నుంచి పెద్దకు, పసుపు నుంచి నలుపుకు మార్చాను. మెరిపిస్తే కనబడలేదంటారు, నడిపితే తల ఏదంటారు. మీరు ఒక్కసారి కూడా తెర మీద చూడలేదు. మూడు కిలోమీటర్ల దూరంలో నెట్ సెంటర్ ఉంది. కల్లు దుకాణానికి నడిచే మోకాళ్లు అక్కడికి నడవవా?

మీ అమ్మాయి తియుర్‌ని చేసుకోలేదని కోపమైతే ఆ మాటే రాయండి. మేనరికం కాదన్నాననేగా ఇదంతా? తియుర్ నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వు అడిగినా నేను ఒప్పుకునేదాన్ని కాదు, ఆ నల్లకళ్లద్దాలు తీసెయ్" అంది. ఆమెకు లేని బాధ మీకెందుకు?

నాకు అమ్మ లేదు. అమ్మ తరఫున మీరొక్కరే ఉన్నారు. మీరు రాకపోతే పెళ్లిలో ఆ వైపు కుర్చీ ఖాళీగా ఉంటుంది, అది అందరూ చూస్తారు. ఆ ఖాళీని ఏ సైజులో రాయాలో మీరే చెప్పండి.

మొనాంగ్


బాలిగె,
2 జూన్ 2001

మొనాంగ్‌కి.

వెళ్లాను. మోకాళ్ల సంగతి ఎత్తావు కాబట్టి నడిచే వెళ్లాను.

రుగున్ వాళ్లమ్మ కుర్చీ వేసి, తెర ముందు కూర్చోబెట్టింది. చూశాను. నా పేరు నడుస్తోంది. మొత్తం పేరు, తలా కాళ్లతో. అబద్ధం చెప్పను, రెండుసార్లు ఆ కొస నుంచి ఈ కొసకు పోయేదాకా చూస్తూ కూర్చున్నాను. కాస్త సంతోషం కూడా వేసింది. ఆ సంతోషంలో నోరు జారాను. "ఈసారి ఏదీ వదలకుండా మొత్తం అచ్చు తియ్యమ్మా" అన్నాను. ఆవిడ ఏదీ వదల్లేదు. పేజీ వెనకాల నువ్వు రాసుకున్న రాత అంతా తీసి ఇచ్చింది. ఆరు కాగితాలు.

ఇంటికొచ్చి ఎర్ర పెన్సిల్ పట్టుకుని చదివాను. ముప్పై ఆరేళ్ల అలవాటు. అదేం భాషో మొదట తెలియలేదు. రెండో కాగితానికల్లా పట్టుకున్నాను. తెరిచిన ప్రతి గుర్తునీ మళ్లీ మూయాలి, అంతేగా? నా పేరు దగ్గర లావు అక్షరం తెరిచావు, మూయలేదు. అందుకే జోంగి లావెక్కాడు. తలుపు తీసి వెళ్లిపోయే అలవాటు నీకు చిన్నప్పట్నుంచీ ఉంది. నూటికి నలభై ఒకటి వేశాను.

నాలుగో కాగితంలో ఇంకో రకం గుర్తు కనిపించింది. ఒక బాణం మొన, ఒక ఆశ్చర్యార్థకం, రెండు అడ్డగీతలు. వాటి మధ్య రాసింది తెర మీద కనబడదని రుగున్ వాళ్లమ్మ చెప్పింది. రాసేవాడు తనకోసం రాసుకునే మాటలట. నీ మాటలు నీకే పంపుతున్నాను:

'ముసలాయన ఇక్కడ.'

'మెరిసేవి ఇష్టం ఆయనకి, బంగారం పెట్టు.'

'సైజు 7. ఇంతకన్నా పెద్దది లేదు, ఉంటే అదీ పెట్టేవాణ్ని.'

'పెళ్లయ్యాక సైజు 3 చెయ్యాలి. మర్చిపోకు.'

ఈ ఆఖరిది చదివి పెన్సిల్ కింద పెట్టేశాను. కుక్క కింద పెట్టినప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు కోపం రాలేదు, బాధ వేసింది. మీ అమ్మ పోయిన రోజు నిన్ను నా ఒళ్లో పెట్టుకున్నాను. పద్నాలుగేళ్లవాడివి, బరువుగా ఉన్నావు. అప్పుడు నా సైజు ఎంతో నువ్వు చూసుకోలేదు.

ఒక్క మాట మాత్రం నీది కాదు. ఐదో కాగితంలో ఉంది: 'ఇంత పెద్దగా వద్దు, పెద్దాయన మీద మనం అరుస్తున్నట్టుంది. ఆయన పేరు పక్కన ఏం రాస్తే ఆయనకు ఇష్టమో ఆయన్నే అడిగి రాయి.' నువ్వు పుట్టాక 'అడిగి' అనే మాట వాడలేదు. ఇది ఎవరు రాశారు?

వాల్డెమార్ తాంపుబొలొన్


బాండుంగ్,
11 జూన్ 2001

మామయ్యా,

సర్దిచెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆ మాటలు నావే. ముసలాయన అన్నది నేనే, సైజు మూడు అన్నదీ నేనే. మీకు కనబడవనుకుని రాశాను. కనబడకపోయినా రాయకూడదని ఇప్పుడు తెలిసింది, కానీ ఇప్పుడు తెలిసి ఏం లాభం.

మీరు అడిగిన ఆ ఒక్క మాట రాసింది వెనింగ్. నేను మిల్లుకు వెళ్లినప్పుడు పేజీ తెరిచి తప్పులు దిద్దేది. నా రాతలు తీసెయ్యమని మూడుసార్లు చెప్పింది. నేనే నవ్వి ఊరుకున్నాను. మీ ఉత్తరం ఆమె నుంచి దాచలేదు, చేతికిచ్చాను. చదివి మడతపెట్టి, "ఆయన రాసింది నిజమే కదా" అని వెళ్లిపోయింది. నాలుగు రోజులు ఇటు రాలేదు. జావావాళ్లు అరవరు మామయ్యా. అరిస్తే బాగుండేది. ఐదో రోజు వచ్చి, "ఇంటిపేరు ఇచ్చినా ఇవ్వకపోయినా మనం వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చోవాలి. జనవరిలోనే వెళ్లాల్సింది. నువ్వు ఉత్తరం చాలన్నావు, నేను నమ్మాను" అంది.

పేజీ మొత్తం తీసేశాను. ఇప్పుడు అక్కడ ఏమీ లేదు.

ఆగస్టు మొదటి వారంలో జీతం లేని సెలవు అడిగాను, ఇచ్చారు. ఇద్దరం వస్తున్నాం. రమ్మంటే లోపలికి వస్తాం. వద్దంటే గేటు బయట నిలబడతాం.

మొనాంగ్


బాలిగె,
25 జూన్ 2001

మేనల్లుడు మొనాంగ్‌కి, హొరాస్.

పేజీ తీసేశావని నీ ఉత్తరం కన్నా ముందే తెలిసింది. రుగున్ వాళ్లమ్మ దాన్ని కూడా అచ్చు తీసి తెచ్చింది. తెల్ల కాగితం. "ఇంతే వచ్చింది మాస్టారూ" అని దిగులుగా ఇచ్చింది. మార్చి నుంచి ఇన్ని కాగితాలు చూశాను, నాకు నచ్చిన మొదటి పేజీ ఇదే. దాని వెనకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

గేటు బయట నిలబడతామన్నావు. మన ఇంటికి గేటు ఎప్పుడుందిరా? కంచె పడిపోయి ఏడేళ్లైంది. నేరుగా వచ్చి మెట్లెక్కండి, మూడో మెట్టు వదులుగా ఉంది, ఆ పిల్లను చూసి ఎక్కమను. ఆచారం ప్రకారం వండిన పందిమాంసం మీ వైపు నుంచి రావాలి. జోంగిని తీసుకురా, మోసేది వాడే కదా. చేప మా వైపు నుంచి. ఎండినా మన సరస్సులో రెండు చేపలు దొరకకపోవు. మీ అత్తయ్య ఇప్పట్నుంచే మసాలా నూరుతానంటోంది, ఆగస్టు ఇంకా ఎంత దూరమో చెప్పినా వినదు.

పేజీ మళ్లీ పెట్టు. ఎలా పెట్టాలో గళ్ల కాగితం మీద స్కేలుతో గీసి ఇందులో పెట్టాను. నడిచేవి, మెరిసేవి వద్దు. గొయ్యి తవ్వేవాణ్ని ఇంటికి పంపించు. నల్లకళ్లద్దాలు తీసెయ్, తియుర్ కూడా అదే అంటోంది. బోబిని మళ్లీ పెట్టు, ఆ కుక్క ఎవరికీ ఏ అపకారమూ చేయలేదు. నా పేరు సైజు మూడు. పెళ్లయ్యేదాకా ఆగడం ఎందుకు, ఇప్పుడే చేసెయ్. లావు అక్షరం ఎక్కడ తెరిస్తే అక్కడే మూసెయ్.

నా పేరు పక్కన ఏం రాయాలో అడగమంది కదా ఆ పిల్ల. ఎవరూ నన్ను అది అడగలేదు. 'ముప్పై ఆరేళ్లు పాఠం చెప్పాడు, కస్మీర్‌కి తప్ప అందరికీ వచ్చింది' అని రాయమను.

ఇంటిపేరు సంగతి మీరు వచ్చి, కింద కూర్చుని, అందరి ముందూ అడిగిన తర్వాతే చెబుతాను. అంతవరకూ నా నోటి నుంచి ఏమీ రాదు.

నువ్వు నేర్చుకున్న విద్యే నేనూ నేర్చుకున్నాను. ఈ కింద గుర్తుల మధ్య ఉన్నది తెర మీద కనబడదు కాబట్టి నేను రాయనట్టే, నువ్వు చదవనట్టే.

మీ మామయ్య,
వాల్డెమార్

<!-- ఉలోస్ సంగతి, జనవరిలో నీ ఉత్తరం అందిన వారమే నేతగత్తెకు చెప్పాను. ఫిబ్రవరి నుంచి బీరువాలో ఉంది. నేను ఎదురుచూసింది అక్షరాల కోసం కాదురా, నువ్వు వచ్చి అడుగుతావని. మన ఇంటి బైబిల్లో పిల్లల పేర్లు రాసే పేజీ ఉంది. తియుర్ కింద వెనింగ్ పేరు రాసేశాను, ఇంటిపేరుతో. సిరాతో. పెళ్లయ్యాక కూడా అదే సైజు. -->